షికాగోలో మేడే జాడలు, ఒక హోటల్ బిల్లు

షికాగో డౌన్‌టౌన్‌లో కారుతో దిగకండి. రాత్రికి 139 డాలర్లని బుక్ చేసిన గది ఫెసిలిటీ ఫీజు 32, పార్కింగ్ 64, ఆపైన పన్నులతో 260 దాటింది. ఆ ఫీజు దేనికంటే వైఫైకి, జిమ్‌కి, రెండు నీళ్ల సీసాలకట! జిమ్ మొహం చూడనివాణ్ణి, నేనెందుకు కట్టాలి? కౌంటర్‌లో అబ్బాయి నవ్వుతూనే కార్డు గీకేశాడు. “పాప నిద్రపోతోంది, గొడవొద్దు” అని మా ఆవిడ లాక్కొచ్చింది.

ఈ ట్రిప్పు మా మామయ్యగారి కోసం. సింగరేణిలో రిటైరయ్యారు, ఏటా మేడే జెండా ఎగరేసిన మనిషి. డెస్‌ప్లెయిన్స్ వీధిలో హేమార్కెట్ దగ్గర ఇప్పుడున్నది 2004లో పెట్టిన బండి శిల్పమొక్కటే. 8 గంటల పని కోసం సమ్మె జరుగుతున్న రోజుల్లో, 1886 మే 4న సభ, బాంబు, పోలీసు కాల్పులు ఇక్కడే. మేడేకి మూలం ఈ ఘటనలే. పీఠానికి దేశదేశాల యూనియన్లు బిగించిన ఫలకాలున్నాయి. పది నిమిషాల్లో తేలిపోతుందనుకున్నా. మామయ్యగారు ఒక్కో ఫలకం మీదా వేలు పెట్టి చదివించుకున్నారు. పాప ఆకలంటూ ఏడుపు.

ఆ బాంబు కేసులో ఉరితీసిన నలుగురు కార్మిక నాయకుల సమాధులు ఫారెస్ట్ పార్క్‌లో ఉన్నాయి. బ్లూ లైన్ మెట్రో రైలు చివరి స్టేషన్, మేం వెళ్లినప్పుడు టికెట్ రెండున్నర డాలర్లు. ప్రశాంతమైన చోటు, తప్పక వెళ్లండి.

అసలు సంగతి షికాగో దక్షిణాన, ఇప్పుడు నేషనల్ పార్కుగా ఉన్న పుల్‌మాన్. ప్రవేశం ఉచితం. రైలు పెట్టెల ఫ్యాక్టరీ యజమాని జార్జ్ పుల్‌మాన్ పనివాళ్ల కోసం కట్టించిన ఊరు. 1893 మాంద్యంలో జీతాలు సుమారు పాతిక శాతం కోసి, ఇళ్ల అద్దె మాత్రం పైసా తగ్గించలేదు. మరుసటి ఏడాది, 1894లో సమ్మె. రైల్వే కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్ యూనియన్ పుల్‌మాన్ పెట్టెలున్న రైళ్లను ముట్టుకోబోమనేసరికి షికాగోకి పడమటి వైపు రైళ్లు చాలావరకు ఆగాయి. ప్రెసిడెంట్ క్లీవ్‌ల్యాండ్ సైన్యాన్ని దింపాడు. సెప్టెంబరు లేబర్ డేని జాతీయ సెలవు చేసిందీ ఆ ఎండాకాలమే. రేంజరమ్మ ఓపిగ్గా చెప్తుంటే నేను తెలుగు చేస్తూ పోయాను. అద్దె పోను కొందరి చేతికి సెంట్లే మిగిలాయని వినగానే మా ఆవిడ, “మన హోటలాయన ఈయన మనవడేమో” అంది. పుల్‌మాన్ పోయాక, శవాన్ని పనివాళ్లు తవ్వుతారన్న భయంతో సమాధిని కాంక్రీటుతో బిగించారట. మామయ్యగారు ఆ ముక్క రెండుసార్లు చెప్పించుకుని నవ్వారు.

మెట్రా రైల్లో వెళ్లి 111వ వీధి స్టేషన్‌లో దిగండి. దగ్గర్లో మాకు నచ్చే శాకాహారం దొరకలేదు, పులిహోర కట్టుకెళ్లడం మేలు.