ఏడు రోడ్ల దగ్గర ట్రాన్స్‌లేషన్ షాపు, కెనడా కాగితాలకు మంచి పని

మా చిన్నాయన కొడుకు కెనడాలో ఉండాడు, శరణు కేసు కొట్టేసినారు, పంపించేసే ముందు పీఆర్ఆర్ఏ అని ఒక ఛాన్స్ ఇచ్చినారు, అంటే ఇక్కడికొస్తే ప్రాణానికి ముప్పుందా అని చూస్తారు. బార్డర్ ఆఫీసోళ్లు నోటీసిచ్చినాక ఫారం పెట్టేకి 15 రోజులే, ఆధారాలు పంపేకి ఇంకో 15. పాత తీర్పు తర్వాత వచ్చినవో, అప్పట్లో ఇయ్యలేకపోయినవో, అట్లాంటి కొత్త ఆధారాలే చూస్తారు. మా కాగితాలన్నీ తెలుగులో ఉండాయి, ఇంగ్లీషో ఫ్రెంచో చేయించి చేసినాయన అఫిడవిట్ పెట్టాల, ఇంట్లోవాళ్లు చేస్తే చెల్లదు.

ఈ షాపాయన పోలీస్ కంప్లైంటు మీద సీలు కింద మసకైన తేదీని ఫోన్ లైటేసి చూసి రాసినాడు, సీలు యాడుందో, సంతకం యాడుందో కూడా ఇంగ్లీషులో పెట్టినాడు, బెదిరింపు మాటల్ని పెంచల్యా తగ్గించల్యా. ఇంకో ఏజెంటైతే తేదీ మార్చిస్తా అన్నాడు, దయచేసి అట్లాంటోళ్ల జోలికి పోవద్దండి, దొరికితే మనోడి మాటే ఎవరూ నమ్మరు.

రేటు కొంచెం ఎక్కువే, మెట్లెక్కేకి పెద్దోళ్లకు కష్టం. ఒరిజినల్స్ తీస్కపోండి, స్కాన్ చేసి పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపుతాడు.