పెల్లెట్ గ్రిల్‌కి ‘ఎయిర్‌ఫ్లో కిట్’ వేయిస్తామంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పెల్లెట్ గ్రిల్ (చెక్కపొట్టు గుళికలతో నడిచే గ్రిల్) వాడుతున్నవాళ్ళు, సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. గ్రిల్‌లో గాలి బాగా ఆడేలా, వేడి అన్ని వైపులా సమానంగా తిరిగేలా మారుస్తామని చెప్పి ఒక ఫ్యాబ్రికేషన్ షాపు వాళ్ళు మా దగ్గర 18,000 రూపాయలు తీసుకున్నారు. వేడి సమానం కాలేదు సరికదా, అందులో కాల్చిన చేప పిల్లలకు పెట్టొచ్చా లేదా అన్న టెన్షన్ మొదలైంది. ఒక రాత్రయితే మంట గుళికలు పోసే హాపర్ దాకా పాకింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు కంటే వాళ్ళు ఏం పెట్టారో, ఎందుకు ప్రమాదమో మీకు తెలియడం ముఖ్యం.

మాది ఇంటి దగ్గరే చేసుకునే చిన్న కేటరింగ్. ఆర్డర్ల మీద పండుగప్ప, కొర్రమీను, టైగర్ రొయ్యలు, కోళ్ళు గ్రిల్ చేసి ఇస్తాం. మా బావగారు డాలస్‌లో ఇల్లు ఖాళీ చేసి వచ్చేస్తూ సామానుతో పాటు పెల్లెట్ గ్రిల్ కూడా తెచ్చి మాకిచ్చారు. ఈ మెషిన్ 1980లలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో మొదలైంది. పని తీరు సులువే. హాపర్‌లో చెక్కపొట్టు గుళికలు పోస్తే, ఆగర్ అనే మర తిరుగుతూ వాటిని కొంచెం కొంచెంగా ఫైర్‌పాట్‌లోకి తోస్తుంది. హాట్ రాడ్ వాటిని అంటిస్తుంది, ఫ్యాన్ గాలి ఊదుతుంది. మంట నేరుగా తిండికి తగలకుండా పైన హీట్ బ్యాఫిల్ అనే మందపాటి రేకు, దాని మీద నూనె జారిపోయే డ్రిప్ ట్రే ఉంటాయి. వేడిగాలి ఆ రేకుల అంచుల పక్కగా పైకొచ్చి, చేప చుట్టూ తిరిగి, పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. కొండపి, కందుకూరు వైపు పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే గది) చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆకు ఆరే దశలో కింద గాలి రావాలి, పైన వెంటిలేటర్ తెరిచి ఉండాలి. పైన మూసేస్తే కింద ఎన్ని కట్టెలు వేసినా ఆకు పాడవుతుంది.

మా గ్రిల్‌తో వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, వేడెక్కడానికి చాలాసేపు పట్టేది. ఒక పక్క చేప మాడుతుంటే రెండో పక్క పచ్చిగానే ఉండేది. షాపతను వచ్చి చూసి, “గాలి చాలట్లేదు సార్, కిట్ వేస్తే సెట్ అయిపోద్ది” అన్నాడు. గాలి చాలట్లేదన్న మాట నిజమే. ఎందుకు చాలట్లేదో మాత్రం అతను చూడలేదు. కొత్త బ్యాఫిల్ వేశాడు, మూత చుట్టూ తాడు అంటించాడు, పొగగొట్టం టోపీని కిందికి దించాడు, ఫ్యాన్ తీసి పెద్దది బిగించాడు. ఈ నాలుగూ ఎక్కడెక్కడ దెబ్బకొట్టాయో చెప్తాను.

అన్నిటికంటే పెద్ద తప్పు బ్యాఫిల్. స్టెయిన్‌లెస్ స్టీల్ అని చెప్పి చిల్లులు కొట్టిన జీఐ రేకు (జింక్ పూత పూసిన ఇనప రేకు) వేశారు. కొత్తగా ఉన్నప్పుడు రేకు మీద పూలుపూలుగా మెరుపు కనిపించింది. అది జింక్ పూతకుండే గుర్తు, స్టెయిన్‌లెస్‌కి అలా ఉండదు. కొన్నాళ్ళు వాడాక శుభ్రం చేద్దామని డ్రిప్ ట్రే ఎత్తితే, ఫైర్‌పాట్‌కి సరిగ్గా పైన ఉన్న చోట పూత పొరలుగా లేచిపోయి ఉంది. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటింది. మొదట బూడిదే అనుకున్నాం. కానీ గ్రిల్ వేడి మీదున్నప్పుడు చూస్తే అదే చోటు పసుపుగా ఉంది, చల్లారితే మళ్ళీ తెల్లగా మారింది. జింక్ ఆక్సైడ్ అలాగే రంగు మారుతుంది, బూడిద మారదు.

జింక్ పూత ఎక్కువ కాలం తట్టుకునే వేడి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్. 419 డిగ్రీలకు జింక్ కరిగిపోతుంది. ఫైర్‌పాట్ మంట వేడి అంతకంటే చాలా ఎక్కువ. జీఐ పైపు కాల్చి వెల్డింగ్ చేసిన రోజు రాత్రి చలిజ్వరం వస్తుందని వెల్డర్లు చెప్తారు, అది ఈ జింక్ పొగ వల్లే. పైగా మన వంట తీరు కూడా చూసుకోవాలి. నిమ్మరసం, చింతపండు పట్టించిన చేప నుంచి కారే రసం డ్రిప్ ట్రే అంచు దాటి ఈ రేకు మీదే పడుతుంది. పులుపు తగిలితే జింక్ కరుగుతుంది. అందుకే జీఐ పాత్రల్లో పులుపు వండొద్దంటారు. ఈ రేకు మీద నుంచి లేచిన గాలే చేపకు తగులుతుంది. కస్టమర్లకు ఇచ్చే తిండి విషయంలో ఇలా చేసినందుకు నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

తాడు సంగతి. మూత పక్కల నుంచి పొగ కారకుండా ‘ఫైర్‌ప్రూఫ్ తాడు’ అంటించారు. ఏ రకం అని అడిగితే, “హీట్‌కి ఏమీ కాదు సార్” అన్నారు తప్ప పేరు చెప్పలేదు. అది ఎక్కడ కొన్నారో కనుక్కుని ఆ హార్డ్‌వేర్ షాపుకు వెళ్తే, యాస్‌బెస్టాస్ తాడు అని వాళ్ళే చెప్పారు. బాయిలర్లకి, ఫర్నేసులకి వాడే తాడు ఇది. మూత తెరిచి మూసినప్పుడల్లా రాసుకుని దాని పీచు కళ్ళకు కనిపించనంత సన్నగా రాలుతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన పీచు అక్కడే ఉండిపోతుంది, ఏళ్ళ తర్వాత క్యాన్సర్‌కి దారితీయొచ్చు. వేడి తట్టుకునే ఫైబర్‌గ్లాస్ గ్యాస్కెట్లు గ్రిల్ మూతల కోసమే తయారై దొరుకుతున్నాయి. ఆ నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి ఈ పని చేశారు.

పొగగొట్టం టోపీని దించితే వేడి లోపలే నిలుస్తుందని వాళ్ళ లెక్క. మూత చుట్టూ తాడుతో మూసేసి, పైన దారి కూడా ఇరుకు చేస్తే ఫ్యాన్ ఊదిన గాలి ఎటు పోవాలి? ఆగర్ గొట్టం గుండా హాపర్ వైపు వెనక్కి తన్నింది. హాపర్ మూత తీసినప్పుడల్లా పొగ వచ్చేది. ఒకరోజు రాత్రి ఆర్డర్ మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, ఆగర్ ఆగింది, ఫైర్‌పాట్‌లో నిప్పు మాత్రం ఉంది. ఆగర్‌లో నిండుగా ఉన్న గుళికల మీదుగా ఆ నిప్పు హాపర్ దాకా పాకింది. ప్లగ్ పీకేసి, మా అబ్బాయి పట్టకారుతో, ఇనప గరిటెతో గుళికలన్నీ ఇసుక పోసిన బకెట్లోకి తోడేశాడు. గ్రిల్‌ని నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోలర్ ఉండేది ఆ పక్కనే కాబట్టి నీళ్ళు పోయలేదు. కరెంటు పోతే మామూలు గ్రిల్‌లోనూ నిప్పు వెనక్కి పాకే ప్రమాదం కొంత ఉంటుంది. పొగ దారి మూసేస్తే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇలాంటి గ్రిల్‌ని కారు షెడ్డులోనో, వరండా తలుపులు మూసుకునో అస్సలు వాడకండి, కార్బన్ మోనాక్సైడ్ చాలా ప్రమాదం.

పెద్ద ఫ్యాన్ వల్ల బూడిద ఎగిరి చేప మీద పడేది. 180 డిగ్రీలు పెడితే 220 దాటిపోయేది. గుళికలు త్వరగా అయిపోయేవి. గుళికలు ఎంత ఆగి ఎంత పడాలో కంట్రోలర్‌లో ముందే ఒక ఫ్యాన్‌కి తగ్గట్టు లెక్క పెట్టి ఉంటుంది. ఫ్యాన్ మారిస్తే ఆ లెక్కంతా తప్పుతుంది.

అసలు కారణం మాకు చెప్పింది మోటార్ వైండింగ్ మెకానిక్. తీసి పక్కన పడేసిన పాత ఫ్యాన్ వెనక చిన్న రేకు మీద ‘115 వోల్టులు, 60 హెర్ట్జ్’ అని ఉంది. అది చూసి ఆయన, “ఇది అరవై సైకిల్ మోటారు కదా అండీ, మన కరెంటు యాభై. మరి స్పీడ్ ఎక్కడి నుంచి వస్తుంది?” అన్నారు. మేం స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాం. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టుల్ని 115కి దించుతుంది కానీ హెర్ట్జ్‌ని, అంటే కరెంటు సెకనుకి ఎన్ని సైకిళ్ళు తిరుగుతుందో ఆ లెక్కని, మార్చలేదు. అందువల్ల ఫ్యాన్ దాదాపు ఆరో వంతు నెమ్మదిగా తిరిగింది, ఆగర్ మోటారూ అంతే. గాలీ తక్కువ, గుళికలూ తక్కువ. మోటార్లు కూడా ఉండాల్సినదానికంటే ఎక్కువ వేడెక్కుతాయట. అమెరికా నుంచి తెచ్చిన పాత గ్రిల్ కొంటున్నవాళ్ళు మొట్టమొదట చూడాల్సింది ఈ రేకే. డీసీ మోటార్లున్న కొత్త మోడళ్ళకి ఈ సమస్య రాదు. వాటికి సరైన అడాప్టర్ ఉందా లేదా చూసుకుంటే చాలు.

ఇప్పుడు మేం 110 వోల్టులు, 60 హెర్ట్జ్ ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టి నడుపుతున్నాం. అంటించేటప్పుడు హాట్ రాడ్ వల్ల 300 వాట్ల దాకా లాగుతుంది, ఆ తర్వాత 50 వాట్లకు అటూ ఇటూ. కరెంటు పోయినా ఫ్యాన్ ఆగదు. పాత ఫ్యాన్ మళ్ళీ బిగించాం, టోపీని మాన్యువల్‌లో ఉన్న ఎత్తుకి లేపాం. బ్యాఫిల్ కోసం 304 స్టెయిన్‌లెస్ రేకుని పాతదాని కొలతలకే కోయించాం. కొలతలు మాన్యువల్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది, ఎందుకంటే కంపెనీ బ్యాఫిల్‌ని షాపువాళ్ళు ‘స్క్రాప్’ అని పట్టుకుపోయారు! పాత భాగాలు మీ చేతికిచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి.

వేడి సమానంగా ఉందో లేదో తెలుసుకోవడానికి బ్రెడ్ ముక్కలు చాలు. గ్రిల్‌ని 175 డిగ్రీలకు తెచ్చి, జాలీ అంతా బ్రెడ్ ముక్కలు పరిచి కాసేపాగి తిరగేసి చూడండి. ఎక్కడ మాడింది, ఎక్కడ తెల్లగా ఉంది అనేది మ్యాప్ గీసినట్టు కనిపిస్తుంది. ఏ పెల్లెట్ గ్రిల్‌కైనా కొంచెం వేడి పక్క ఉంటుంది. చాలాసార్లు ఫైర్‌పాట్ చిల్లుల్లో బూడిద తీసేసి, బ్యాఫిల్‌ని దాని గాడిలో సరిగ్గా కూర్చోబెట్టి, గ్రిల్ కాళ్ళు లెవెల్ చేస్తే సగం తేడా పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

గుళికల గురించి కూడా ఒక మాట. ఫ్యాక్టరీ బాయిలర్ల కోసం వేరుశనగ పొట్టుతో చేసినవి చవగ్గా దొరుకుతాయి, షాపువాళ్ళు కిట్‌తో పాటు ఒక బస్తా మాకు అంటగట్టారు. వాటికి బూడిద ఎక్కువ, అందులో ఏం కలిపారో తెలియదు, తిండి వండడానికి వద్దు. మంచివి కొన్నా ఈశాన్య రుతుపవనాల వానల్లో మన కోస్తా తేమకి ఉబ్బి పొట్టయిపోతాయి, ఆగర్ బిగుసుకుంటుంది. మూతున్న డబ్బాలో పెట్టుకోండి.

ఎవరైనా కిట్ వేస్తామంటే రేకు ఏ గ్రేడో, తాడు ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి. డ్రిల్లింగ్, వెల్డింగ్ లేకుండా మళ్ళీ ఊడదీయగలిగేలా చేస్తారా అని అడగండి. మాకు తెల్లకాగితం మీద ‘గ్రిల్ మోడిఫికేషన్’ అని మాత్రమే రాసిచ్చారు, అయినా ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి కాబట్టి 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. సగం డబ్బు వెనక్కిస్తాం, ఫిర్యాదు వాపసు తీసుకోండి అన్నారు. ఒప్పుకోలేదు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. సరుకుకి లేదా సేవకి కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు, 2 ఏళ్ళ లోపు కేసు వేయొచ్చు.

ఇప్పటికే ఇలాంటి తాడు అంటించుకున్నవాళ్ళు అది తీసేదాకా గ్రిల్ వెలిగించకండి. అది ఏ రకమో షాపువాళ్ళు రాసివ్వకపోతే యాస్‌బెస్టాస్ అనే అనుకోండి. పొడిగా ఉన్నప్పుడు పీకొద్దు, గోకొద్దు, బ్రష్‌తో రుద్దొద్దు. గ్రిల్ ప్లగ్ తీసేసి, ఆరుబయట, పిల్లల్ని దూరంగా ఉంచి, పీ100 ఫిల్టర్ ఉన్న మాస్క్ (యాస్‌బెస్టాస్‌కి ఎన్95 సరిపోదు), గ్లవ్స్ వేసుకుని, తాడు మీద సబ్బునీళ్ళు స్ప్రే చేసి బాగా తడిశాక మెల్లగా తీయండి. ఒక కవర్లో కట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి గట్టిగా మూసి, పైన యాస్‌బెస్టాస్ అని రాయండి. గ్రిల్ అంచుల్ని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా అందులోనే వేయండి. చెత్తలో కాల్చొద్దు, మున్సిపాలిటీ బండి వాళ్ళకి చెప్పకుండా ఇవ్వొద్దు.