చెన్నై సెంట్రల్‌లో ఆటోకి 350, మెట్రోకి 10

అమ్మ కంటి పరీక్షకని పోయిన నెల నెల్లూరు నుంచి చెన్నై వెళ్లాం. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్క సీట్లు దొరికాయి, గూడూరు, సూళ్లూరుపేట దాటుకుని మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాం.

స్టేషన్ బయటికి రాగానే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. ఒకతను అమ్మ చేతిలో సంచి అప్పుడే అందుకున్నాడు. ఎగ్మోర్ అన్నాను. "నాలుగొందలు సార్, ట్రాఫిక్" అన్నాడు, తెలుగులోనే. మీటరు వెయ్యమంటే పనిచేయదన్నాడు. బేరమాడితే 350కి దిగాడు. ఎండకి అమ్మ నిలబడలేకపోతోంది, సరేనని ఎక్కాం. తీరా చూస్తే పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. మొత్తం రెండు కిలోమీటర్లు!

"ఏందబ్బాయ్, మనిద్దరి రైలు టికెట్లకి కూడా ఇంత కాలేదు గదా" అంది అమ్మ. ఆ పూటంతా సరిగా అన్నం తినలేదు. డబ్బు కన్నా అదే నాకు ఎక్కువ బాధేసింది.

లాడ్జి 1,400, శుభ్రంగానే ఉంది. పరీక్ష కూడా తొందరగా అయిపోయింది.

తిరుగు ప్రయాణంలో టీ కొట్టాయన చెప్పాడు, ఎగ్మోర్ నుంచి సెంట్రల్‌కి మెట్రోలో ఒక్కటే స్టాపని. టికెట్ మనిషికి 10 రూపాయలు. ఎస్కలేటర్ చూసి అమ్మ వెనక్కి తగ్గితే, అక్కడి సెక్యూరిటీ అమ్మాయి చెయ్యి పట్టుకుని లిఫ్ట్ దాకా తీసుకెళ్లింది. చల్లటి ఏసీలో కూర్చున్నామో లేదో సెంట్రల్ వచ్చేసింది. అమ్మ మొహం అప్పుడు తేటపడింది.

కాబట్టి మనవాళ్లు ఎవరు వెళ్లినా, సెంట్రల్‌లో దిగగానే మెట్రో బోర్డు పట్టుకుని కిందికి దిగిపోండి. ఎగ్మోర్ అయితే కోయంబేడు వైపు వెళ్లే రైలెక్కాలి. ఇంకో మాట, సూళ్లూరుపేట లోకల్ ఎక్కేవాళ్లు సెంట్రల్ ఎర్రటి పాత బిల్డింగులోకి పోకూడదు. పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌కి వెళ్లాలి.

తిరుగు ప్రయాణంలో బోర్డు మీద ఆ పేరు చదవగానే అమ్మ ఆగిపోయింది. చిన్నప్పుడు తాతయ్య ఆమె స్కూలు పుస్తకాలు మూర్ మార్కెట్‌లోనే సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చేవాడట. 1985లో మార్కెట్ కాలిపోయిందని, ఆ చోటే ఇదని చెప్పాను. పినాకిని గూడూరు దాటేదాకా ఆ పుస్తకాల సంగతులే చెప్తూ కూర్చుంది.