మూడు బోల్ట్ రైఫిళ్లు, పదేళ్ల వాడకం: రూగర్, సావేజ్, టిక్కా

నా దగ్గర అట్టకు అంటించి దాచుకున్న టార్గెట్ కాగితాలు మూడున్నాయి. టెక్సాస్‌లో జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. దానికి వారం ముందు, ఏటా, పొద్దున్నే రేంజ్‌కి వెళ్తాను. అంతకుముందు ఏమీ కాల్చని చల్లటి బ్యారెల్‌తో (గొట్టంతో) 100 గజాల నుంచి ఒక్కో రైఫిల్‌తో ఒక్కటంటే ఒక్క తూటా దాని కాగితం మీద కాలుస్తాను. చిల్లు పక్కన పెన్సిల్‌తో ఆ సంవత్సరం వేస్తాను. జింక ముందు నిలబడినప్పుడు మనకి దొరికేది ఆ మొదటి తూటానే కదా. అందుకే ఈ సమీక్షలో నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది ఆ కాగితాలనే.

రైఫిల్ మీద ఆసక్తి చిన్నప్పటిది. మా తాతగారి వేరుశనగ చేనుని అడవిపందులు ఒక్క రాత్రిలో తిరగదోడేవి. ఊళ్లో లైసెన్సు ఉన్న ఒకాయన ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ భుజాన వేసుకుని వస్తే పిల్లలందరం వెనకాలే నడిచేవాళ్లం. నేను చూసిన మొదటి బోల్ట్ యాక్షన్ అదే, అంటే ప్రతి తూటాకీ బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కి లాగి ముందుకి నెట్టే రైఫిల్. గ్రీన్ కార్డు వచ్చాక, ఇద్దరు స్నేహితులతో కలిసి టెక్సాస్‌లోని లానో దగ్గర కొంత పొలం వేటకి లీజుకి తీసుకున్నాం. అక్కడా పందులే!

2014లో మొదట కొన్నది రూగర్ అమెరికన్, తూటా సైజు .308. నాలుగు వందల డాలర్లలోపే వచ్చింది. రిసీవర్‌ని (బోల్ట్ కదిలే లోహపు భాగాన్ని) పట్టి ఉంచడానికి స్టాక్‌లోనే (భుజానికి ఆనించే భాగంలోనే) స్టీలు దిమ్మెలు పోత పోసి ఇస్తారు. బ్యారెల్ స్టాక్‌కి తగలకుండా విడిగా ఉంటుంది. బోల్ట్‌కి మూడు లగ్గులు (మూసినప్పుడు దాన్ని లాక్ చేసే పళ్లు), హ్యాండిల్ 70 డిగ్రీలు ఎత్తితే చాలు. తక్కువ తిప్పుడులోనే తూటాని పేల్చే సూది స్ప్రింగ్ బిగియాలి కాబట్టి ఎత్తేటప్పుడు చేతికి కొంచెం బరువు తెలుస్తుంది, మూడు లగ్గుల బోల్ట్ ఏదైనా అంతే. నాది ఐదు తూటాలకి అంగుళంపావు గ్రూప్ (చిల్లులన్నీ పడే వెడల్పు) ఇస్తుంది. ఆ ధరకి అంతకంటే ఏం అడగాలో నాకు తెలియదు. ఇప్పుడు రెండో తరం కూడా వచ్చింది. నాది మొదటిదే, మార్చే ఉద్దేశం లేదు.

2017లో సావేజ్ 110 కొన్నాను, 6.5 క్రీడ్‌మోర్ అనే తూటా సైజులో. ఈ మోడల్ 1958 నుంచి వస్తోంది. దీని కిటుకంతా రెండు చోట్ల ఉంది. బోల్ట్ తల బిగుసుకుపోయి ఉండదు, కొద్దిగా కదులుతుంది. దాంతో రెండు లగ్గులూ సమానంగా ఆనుకుంటాయి. రెండోది బ్యారెల్ నట్. బ్యారెల్‌ని ఒక పెద్ద నట్‌తో బిగిస్తారు కాబట్టి తగిన రెంచి, గేజీలు ఉంటే, పని తెలిసినవాళ్లు ఇంట్లోనే బ్యారెల్ మార్చుకోవచ్చు. అక్యూట్రిగ్గర్ కూడా చాలా హాయిగా ఉంటుంది. మధ్యలో సన్నటి రేకు ఒకటి ఉంటుంది, ముందు దాన్ని నొక్కితేనే అసలు ట్రిగ్గర్ కదులుతుంది. 300 గజాల స్టీలు ప్లేటు మీద నా చేతిలో అన్నిటికంటే బాగా పలికేది ఇదే.

దీంతోనే ఒకసారి బాగా టెన్షన్ పడ్డాను. అంగుళంలో పడే గ్రూప్ ఉన్నట్టుండి నాలుగంగుళాలకి విచ్చుకుంది. తూటాలు మార్చాను, బ్యారెల్ తోమాను. రెండు నెలలు రైఫిల్‌నే అనుమానించాను. చివరికి స్కోప్ (గురి చూసే దుర్భిణి) పట్టుకుని ఊపితే సన్నగా కదిలింది. దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే బేస్ స్క్రూలు, ఒక దుకాణంలో బిగించి ఇచ్చినవి, వదులయ్యాయి. అప్పటి నుంచి టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే రెంచితో) నేనే బిగించుకుంటున్నాను. మీ రైఫిల్ గురి తప్పితే దయచేసి ముందు అక్కడ చూడండి.

ఇక టిక్కా టీ3ఎక్స్ లైట్, .308, 2018లో కొన్నాను. ఫిన్లాండ్‌లోని రీహిమాకిలో సాకో కంపెనీ చేస్తుంది. బోల్ట్ హ్యాండిల్‌ని రెండు వేళ్లతో పైకెత్తి వెనక్కి లాగితే గాజు మీద జారినట్టు వస్తుంది, ఎక్కడా గరుకు తగలదు. భుజం మీద నుంచి దించకుండానే రెండో తూటా ఎక్కించొచ్చు. మూడు తూటాలు 100 గజాల్లో దాదాపు అంగుళంలో పడతాయని కంపెనీ హామీ ఇస్తుంది. నా రైఫిల్ ఐదింటిని ముప్పావు అంగుళంలో వేస్తుంది. కానీ బరువు మూడు కిలోల లోపే కాబట్టి .308 భుజాన్ని గట్టిగానే తంతుంది. రేంజ్‌లో ఇరవై తూటాలు దాటితే నాకు చాలనిపిస్తుంది. మ్యాగజైన్‌లో పట్టేవి మూడే, స్పేర్ మ్యాగజైన్ ధర ఎక్కువే.

గట్టిదనం సంగతి చాలామంది అడుగుతారు. .308 తూటాకి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఈ మూడూ దాన్ని తట్టుకోవడానికే కట్టినవి, అందులో తేడా వెతకనక్కర్లేదు. నా దృష్టిలో గట్టిదనమంటే దుమ్ములో, వానలో తూటా తడబడకుండా లోపలికి వెళ్లి, ఖాళీ తొడుగు బయటికి రావడం. ఆ విషయంలో మా లీజు భూమి యజమాని దగ్గరున్న పాత వించెస్టర్ మోడల్ 70ని చూస్తే గౌరవం కలుగుతుంది. 1964కి ముందుది. మౌజర్ 98 (పాత జర్మన్ సైనిక రైఫిల్) లాగే పొడవాటి పంజా ఒకటి తూటా మ్యాగజైన్ వదలగానే అంచుని పట్టేసుకుంటుంది, బయట పడేసేదాకా వదలదు. పెద్ద మృగాల వేటకి వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఆ ఏర్పాటునే ఎందుకు కోరతారో అది చేత్తో పట్టుకుంటే అర్థమవుతుంది.

రెమింగ్టన్ 700 నా దగ్గర లేదు. 1962 నుంచి ఉన్న మోడల్ కాబట్టి దానికి దొరికినన్ని విడిభాగాలు వేరే దేనికీ దొరకవు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు మాత్రం ఒక్కటి చూసుకోవాలి. 2006, 2014 మధ్య ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌తో వచ్చినవాటిని కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది. ట్రిగ్గర్ మార్చారో లేదో కనుక్కున్నాకే డబ్బు ఇవ్వండి.

మొదటి రైఫిల్ కొనేవాళ్లయితే రూగర్ తీసుకుని, మిగిలిన డబ్బు మంచి స్కోప్ మీదా తూటాల మీదా పెట్టండి. విప్పి, మార్చి, నేర్చుకోవాలనే సరదా ఉంటే సావేజ్. ఒక్కటే కొని, ఇంకెప్పుడూ కొననని అనుకుంటే టిక్కా.

మొన్న అక్టోబర్‌లో రూగర్ చిల్లు పాతవాటికి అంగుళం ఎడంగా పడింది. సావేజ్‌ది వాటి మధ్యలోనే పడింది. టిక్కాది 2021 చిల్లు అంచుని కొరికింది. పక్కన 2024 అని రాయడానికి చోటు లేక, కాగితం అంచున రాసి చిల్లు దాకా గీత గీశాను.