సైకిళ్ళు, కుక్కలు, పిల్లలు: సెకండ్ హ్యాండ్ వ్యాన్‌లలో ఏది మేలు?

ఇంటిల్లిపాదితో పాటు సైకిళ్ళూ కుక్కలూ ఎక్కాలి, సెకండ్ హ్యాండ్‌లో ఏ వ్యాన్ తీసుకోవాలి అని అడిగేవాళ్ళలో ఎక్కువమంది బ్రోచర్లోని లీటర్ల లెక్క పట్టుకుని వస్తారు. ఆ లెక్క వెనక సీట్లన్నీ మడిచేసి పైకప్పు దాకా కొలిచింది. సీట్లన్నీ మడిచేస్తే పిల్లలెక్కడ కూర్చుంటారు? అసలు చూడాల్సింది వేరు. రెండో వరుసలో మనుషులు కూర్చున్నాక వెనక ఎంత నేల మిగులుతుంది? డిక్కీ తలుపు తెరవడం కుదరనప్పుడు కుక్క ఏ దారిన ఎక్కి దిగుతుంది? ఈ రెండింటికీ జవాబు దొరికితే మోడల్ పేరు దానంతట అదే తేలుతుంది.

పోటీ ప్రధానంగా రెండు రకాల మధ్యే. ఒకటి, నేల కిందికి ఉండి పక్క తలుపులు జరిగే ఫ్యామిలీ వ్యాన్: హోండా ఒడిస్సీ, టయోటా సియెన్నా, క్రైస్లర్ పసిఫికా, కియా కార్నివాల్ లాంటివి. రెండోది, సరుకుల బండికి కిటికీలూ సీట్లూ పెట్టి చేసిన డబ్బా వ్యాన్: సిట్రోయెన్ బెర్లింగో, ఫోక్స్‌వాగన్ క్యాడీ, ఫోర్డ్ టూర్నియో కనెక్ట్ కోవ. వీటికి పైన ట్రాన్స్‌పోర్టర్, హయేస్ లాంటి పెద్దవి ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

టేపు పట్టుకుని చూస్తే

29 అంగుళాల చక్రాల మౌంటెన్ సైకిల్ పొడవు 185 నుంచి 195 సెంటీమీటర్లు, హ్యాండిల్ వెడల్పు 75 నుంచి 80. ముందు చక్రం తీస్తే పొడవు 150–160కి దిగుతుంది. రోడ్ సైకిల్ అయితే చక్రం తీశాక 135 దగ్గర ఆగుతుంది. లాబ్రడార్ సైజు కుక్కకి పట్టే 42 అంగుళాల క్రేట్ (కుక్కని ఉంచే బోను) సుమారు 107 పొడవు, 71 వెడల్పు, 76 ఎత్తు. ఫ్యామిలీ వ్యాన్‌లో మూడో వరుసని నేలలోని గుంతలోకి మడిచేస్తే రెండో వరుస వెనక 120 సెంటీమీటర్ల అటూఇటూ నేల వస్తుంది. చక్రాల గూళ్ళ మధ్య వెడల్పు కూడా దాదాపు అంతే.

అంటే క్రేట్ ఒక పక్కకి హాయిగా కూర్చుంటుంది. పక్కన యాభై సెంటీమీటర్లు మిగులుతాయి. 155 సెంటీమీటర్ల సైకిల్ మాత్రం 120లో పట్టదు. ఇక్కడే 7 సీట్ల వ్యాన్‌కీ 8 సీట్ల వ్యాన్‌కీ తేడా తెలుస్తుంది. 7 సీట్లదానిలో రెండో వరుసలో విడివిడిగా రెండు కెప్టెన్ సీట్లుంటాయి, వాటి నడుమ జానెడు పైచిలుకు దారి ఉంటుంది. ముందు చక్రం తీసేసి, సైకిల్‌ని వెనక చక్రం వైపు నుంచి లోపలికి తోస్తే ఆ చక్రం ఆ దారిలోకి 35–40 సెంటీమీటర్లు దూరుతుంది. వెడల్పైన హ్యాండిల్ వెనకే ఆగిపోతుంది. పెడల్ సీటుకి తగలదు, ఎందుకంటే వెనక టైరు చివరి నుంచి పెడల్ ఇరుసు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 8 సీట్లదానిలో మధ్య సీటు ఆ దారిని మూసేస్తుంది. ఆ మధ్య సీటు విడిగా ఊడొచ్చే మోడల్ అయితేనే దాని జోలికి వెళ్ళండి.

తోసేముందు రెండు పనులు. గొలుసుని వెనక అన్నింటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కించండి, గేర్ మార్చే చెయ్యి లోపలికి ముడుచుకుంటుంది. లేకపోతే అది సీటు అంచుకి గుద్దుకుని, దాన్ని పట్టి ఉంచే చిన్న అల్యూమినియం హ్యాంగర్ వంగుతుంది, ఆ తర్వాత గేర్లు ఒక్కటీ సరిగ్గా పడవు. డిస్క్ బ్రేకులుంటే, చక్రం తీసిన చోట ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ళ పెట్టండి. కుక్కో పిల్లాడో బ్రేక్ లీవర్ నొక్కారంటే ప్యాడ్లు దగ్గరకి వచ్చేసి, దిగాక చక్రం ఎక్కదు.

ఈ లెక్కన కుక్క క్రేట్‌తో పాటు లోపల ఒక సైకిల్ సుఖంగా, రెండోది కష్టంగా పడతాయి. నలుగురికి నాలుగు సైకిళ్ళు, వాటికి తోడు కుక్క అంటే ఈ రెండు రకాల్లో ఏ వ్యాన్ లోపలా పట్టవు. వెనక హిచ్ (బండికి బిగించే ఇనుప కొక్కెం), దాని మీద సైకిళ్ళు మోసే ర్యాక్ తప్పవు.

ర్యాక్ తగిలిస్తే కుక్కకి దారేది?

ఎంపికని అసలు తేల్చేది ఇదే అని నా అభిప్రాయం. ర్యాక్ మీద సైకిళ్ళు ఉన్నప్పుడు డిక్కీ తలుపు తెరుచుకోదు. వెనక్కి వంగే ర్యాక్ ఉందిగా అంటారు. అది చిన్న కార్లకి పనికొస్తుంది. వ్యాన్ తలుపు ఎత్తైనది, అది తిరిగే చాపం పెద్దది. ర్యాక్ వంచినా చాలాసార్లు తలుపు అంచు హ్యాండిల్‌కి తగిలి ఆగుతుంది. డబ్బా వ్యాన్‌లలో తలుపు పైకప్పు నుంచి బంపర్ దాకా ఒకటే పలక, అందుకే వాటిలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. రెండు రెక్కల తలుపులున్నవాటిలో ర్యాక్ పక్కకి తిరిగేది కాకపోతే ఆశ వదులుకోవడమే.

కాబట్టి దారిలో ఆగినప్పుడల్లా కుక్క పక్క తలుపులోంచే దిగాలి. క్రేట్ రెండో వరుస వెనకే ఉంటుంది కనుక పక్క తలుపు నుంచి క్రేట్ దాకా దారి ఉండాలి. కెప్టెన్ సీట్ల మధ్య దారి మళ్ళీ ఇక్కడ పనికొస్తుంది. నేల కిందికి ఉన్న ఫ్యామిలీ వ్యాన్‌లో, కీళ్ళ నొప్పులున్న ముసలి కుక్క కూడా ఒక్క మెట్టుతో దిగిపోతుంది. క్రేట్ కొనేటప్పుడు సీట్ల వైపు కూడా తెరుచుకునే తలుపు ఉన్నదే కొనండి. వెనక నుంచి ఎవరైనా గుద్ది డిక్కీ బిగుసుకుపోతే కుక్కని బయటికి తీయడానికి అదొక్కటే మార్గం.

బెర్లింగో కోవకి ఒక మంచి గుణం ఉంది. కొన్నిటిలో డిక్కీ అద్దం ఒక్కటే విడిగా తెరుచుకుంటుంది. ర్యాక్ ఉన్నా అందులోంచి నీళ్ళ గిన్నె, బెల్టు అందుకోవచ్చు. కుక్కని మాత్రం దించలేం.

ర్యాక్ బరువుని చాలామంది మర్చిపోతారు. రెండు సైకిళ్ళ ప్లాట్‌ఫామ్ ర్యాకే 20 కిలోల పైన తూగుతుంది. బ్యాటరీ సైకిల్ ఒక్కోటి 22–28 కిలోలు. రెండు కలిపితే హిచ్ మీద 70 కిలోలు దాటవచ్చు. అదీ బంపర్‌కి దూరంగా వేలాడే బరువు. యూరప్ రకం బంతి హిచ్‌ల మీద నిలువు బరువు పరిమితి చాలావాటికి 75 నుంచి 100 కిలోలే. హిచ్ మీద ముద్రించిన అంకె, ర్యాక్ మీద రాసిన అంకె రెండూ చూసి, చిన్నదాన్ని పరిమితిగా తీసుకోండి. పొగ గొట్టం నోరు ర్యాక్ కింద ఏ వైపు ఉందో కూడా చూడాలి. దానికి ఎదురుగా పడిన టైరు దూర ప్రయాణంలో వేడికి పాడవుతుంది. బటన్‌తో లేచే డిక్కీ అయితే ర్యాక్ ఉన్నన్నాళ్ళూ దాన్ని ఆపేయండి, లేకపోతే తాళంచెవి పొరపాటున నొక్కిన రోజు తలుపు వెళ్ళి సైకిల్‌ని గుద్దుతుంది.

రెండో వరుస ఎలా కదులుతుంది

ఫ్యామిలీ వ్యాన్‌లు బయటికి ఒకేలా కనిపించినా ఈ విషయంలో ఒకదానికొకటి పోలిక లేదు.

ఒడిస్సీలో మూడో వరుస నేలలోకి పోతుంది, రెండో వరుస సీట్లు ఊడదీయాలి. ఒక్కో సీటూ దాదాపు 30 కిలోలు, ఇద్దరు పట్టాలి, ఇంట్లో పెట్టడానికి చోటుండాలి. 2018 మోడల్ నుంచి మధ్య సీటు తీసేస్తే పక్క సీట్లు అడ్డంగా జరుగుతాయి. రెండింటినీ ఒక పక్కకి చేర్చి రెండో పక్కన వెడల్పైన దారి చేసుకోవచ్చు. సైకిల్‌కీ కుక్కకీ ఇంతకన్నా మంచి అమరిక నాకు కనిపించలేదు.

సియెన్నాలో 2020 దాకా రెండో వరుస ఊడొస్తుంది. 2021లో హైబ్రిడ్ మాత్రమే అయ్యాక ఊడదు, ముందుకు జరుగుతుందంతే. కొత్తది కదా మంచిదే అనుకుని తీసుకుని, సీటు తీయబోతే కదలక తెల్లబోతారు.

క్రైస్లర్, డాడ్జ్ వ్యాన్‌లలో 2005 నుంచి రెండో వరుస కూడా నేలలోకి మడుచుకుంటుంది. సీటు మోసే పని లేదు. పిల్లలు కూర్చున్నప్పుడు ఆ ఖాళీ గుంతల్లో పంపు, బురద బూట్లు, కుక్క దుప్పట్లు పడతాయి. మడవడం కోసం మెత్త పల్చగా చేశారు, పెద్దవాళ్ళకి గంటల ప్రయాణంలో నడుం తెలుస్తుంది. పసిఫికా హైబ్రిడ్‌లో ఆ గుంతల్లో బ్యాటరీ కూర్చుంది, మడత సౌకర్యం లేదు.

కార్నివాల్‌లో కాళ్ళు చాపుకునే లాంజ్ సీట్లున్నది వద్దు. అవి ఊడవు, బరువు, నేలంతా తినేస్తాయి.

డబ్బా వ్యాన్ ఎప్పుడు గెలుస్తుంది

ఇద్దరు మనుషులు, రెండు సైకిళ్ళు, ఒక కుక్క అయితే డబ్బాయే. పైకప్పు ఎత్తు కనుక సీటు దించితే సైకిల్ నిలబడే పడుతుంది. 2008–2018 మధ్య వచ్చిన బెర్లింగో, దాని జంట ప్యుజో పార్ట్‌నర్‌లలో విడివిడి వెనక సీట్లున్న రకం వెతకండి. ఒక్క సీటు తీసేసి సైకిల్ పొడుగ్గా పెట్టి, పక్కన కుక్కని, మరో పక్కన మనిషిని కూర్చోబెట్టవచ్చు. లోపల గట్టి ప్లాస్టిక్ ఎక్కువ. బురద తుడిస్తే పోతుంది.

నలుగురున్న ఇంటికి మాత్రం రెండు చోట్ల తగ్గుతుంది. రెండో వరుస నిండాక వెనక మిగిలే నేల పొట్టి మోడల్‌లో మీటరు లోపే, క్రేట్ పొడుగ్గా పట్టదు. రెండోది గాలి. ఫ్యామిలీ వ్యాన్‌లలో పైకప్పు నుంచి మూడో వరుస దాకా ఏసీ గాలి వస్తుంది. డబ్బాల్లో చాలావాటికి ముందు డ్యాష్‌బోర్డు నుంచి వచ్చిందే గాలి. క్రేట్‌లో ఉన్న కుక్క దాకా అది చేరేసరికి ముందువాళ్ళు వణుకుతుంటారు. కుక్క చెమటతో చల్లబడదు, వగర్చి చల్లబడాలి. వెనక గాలి లేని బండి దానికి శిక్ష.

ట్రాన్స్‌పోర్టర్, మల్టీవ్యాన్, హయేస్ లాంటి పెద్దవాటిలో పైన చెప్పిన తిప్పలు చాలావరకు ఉండవు, నాలుగు సైకిళ్ళూ కుక్కలూ లోపలే. బదులుగా నేల ఎత్తు, పార్కింగ్ కష్టం, ఇంధనం ఎక్కువ. 2010–2015 మధ్య వచ్చిన టీ5లో (అయిదో తరం ట్రాన్స్‌పోర్టర్) 180 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్ ఉంటే వదిలేయండి, విపరీతంగా ఆయిల్ తాగడానికి అది పేరుమోసింది. మూడు వరుసల ఎస్‌యూవీలో నేల ఎత్తు, వెనక చోటు తక్కువ. సైకిళ్ళు పైకప్పు మీద పెడతామంటే వ్యాన్ ఎత్తుకి ఇంకో మీటరు పైగా కలుస్తుంది, అది గుర్తులేని రోజు సెల్లార్ దూలం గుర్తుచేస్తుంది.

బండి చూడబోయినప్పుడు

ముందు పక్క తలుపులు. ఇంజిన్ ఆపి, ఆన్ చేసి, రెండు వైపులా బటన్‌తో అయిదారుసార్లు తెరిచి మూయండి. సగంలో ఆగి వెనక్కి వెళ్ళినా, కరకర శబ్దం వచ్చినా లోపలి ఉక్కు కేబుల్ పోగులు విడుతోందని అర్థం. పాత సియెన్నాల్లో ఇది మామూలు. మోటారు ఆపేసి చేత్తో కూడా లాగి చూడండి. బండిని ముక్కు పల్లానికి ఉండేలా నిలిపి తలుపు పూర్తిగా తెరవండి, అది దానంతట అది జారి మూసుకోబోతే పట్టే గొళ్ళెం అరిగింది. కుక్క దిగే దారి కనుక ఇది చిన్న లోపం కాదు.

తర్వాత మూడో వరుస గుంత. కార్పెట్ ఎత్తి అడుగున చెయ్యి పెట్టండి. తడి, తుప్పు, బూజు వాసన ఉంటే వెనక లైట్ల రబ్బరు నుంచో సన్‌రూఫ్ గొట్టాల నుంచో నీరు దిగుతోంది. ఏసీని వెనక మాత్రమే పెట్టి పది నిమిషాలు నడిపించండి. వెనకకి గ్యాస్ తీసుకెళ్ళే పైపులు బండి కింద నుంచి వెళతాయి, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగినవైతే తుప్పుపట్టి కారతాయి.

ఒడిస్సీ వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్‌లో టైమింగ్ బెల్టు ఉంది. సుమారు 1,60,000 కిలోమీటర్ల దగ్గర వాటర్ పంపుతో కలిపి మార్చాలి, మార్చిన బిల్లు అడగండి. 2007 నుంచి వచ్చిన సియెన్నా వీ6లో బెల్టు బదులు గొలుసు, ఆ ఖర్చు లేదు. 2018–2019 ఒడిస్సీలో కింది రకాలకి 9 గేర్లు, పైవాటికి 10 గేర్లు ఇచ్చారు. 10 గేర్లదే చూడండి. టయోటా హైబ్రిడ్‌లలో బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ కేబిన్ గాలినే పీలుస్తుంది, కుక్క వెంట్రుకలు దాని జాలీని మూసేస్తాయి. పాత యజమానికి కుక్క ఉంటే ఆ జాలీ తీసి చూడకుండా కొనొద్దు, కొన్నాక కూడా నెలకోసారి దులపండి. డీజిల్ డబ్బా అయితే స్కూలు, అంగడి లాంటి పొట్టి తిరుగుళ్ళకే వాడారేమో కనుక్కోండి. పొగ ఫిల్టర్‌లో మసి కాలాలంటే అప్పుడప్పుడూ వేగంగా ఓ పావుగంట, ఇరవై నిమిషాలు పరుగెత్తాలి.

అమెరికా మార్కెట్ బండ్లలో డ్రైవర్ తలుపు చట్రం మీద బండి మోయగల బరువు రాసి ఉంటుంది. ఇద్దరు పెద్దవాళ్ళు 140, పిల్లలు 60, రెండు కుక్కలు 55, రెండు క్రేట్లు 40, నాలుగు సైకిళ్ళు 56, నాలుగు సైకిళ్ళ ర్యాక్ 30, సామాను 50 అనుకుంటే 431 కిలోలు. అక్కడ రాసిన అంకె దీనికన్నా వంద పైన ఉంటే సరే. అమ్మేవాళ్ళ దగ్గరికి క్రేట్‌నీ, ముందు చక్రం తీసిన సైకిల్‌నీ తీసుకునే వెళ్ళండి, కుక్కని కూడా. బేరం మొదలుపెట్టే ముందే లోపల పెట్టి, కుక్కని పక్క తలుపులోంచి రెండుసార్లు ఎక్కించి దించండి.