చూరు లేని తెల్ల ఇల్లు: ఏళ్ల వాడకం తర్వాత ఫంక్షనలిజం

పెట్టె లాంటి ఆకారం, బల్లపరుపు స్లాబు, నగిషీ లేని తెల్ల గోడలు, గోడ పొడవునా కిటికీ. ఇంట్లో ప్రతి భాగమూ ఏదో ఒక పనికోసమే ఉండాలి, వట్టి అలంకారం వద్దు అనే ఫంక్షనలిజం పద్ధతి ఇల్లు ఇది. ఇలాంటి ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నాక తేలిందేమంటే, ప్లానులో ఈ పద్ధతికి సాటి లేదు. ఇబ్బందంతా నీళ్లతోనూ ఎండతోనూ.

బరువు పిల్లర్లే మోస్తాయి కనుక లోపలి అడ్డుగోడలను అవసరాన్ని బట్టి జరుపుకోవచ్చు. స్ట్రక్చరల్ డ్రాయింగు చూశాకే సుమా! వంటిల్లు మరీ సుఖం. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. వండేవాళ్ల అడుగులు లెక్కపెట్టి అమర్చిన గది అది. ఆ లెక్క నేటికీ చెల్లుతుంది: ఎదురెదురు గట్ల మధ్య ఒకరికి మీటరు చాలు, ఇద్దరికి 1.2 మీటర్లు కావాలి.

ఇక స్లాబు. బల్లపరుపన్నది పేరుకే, 100 సెంటీమీటర్లకు కనీసం 1 సెంటీమీటరు వాటం ఉండాల్సిందే. తూము ఒక్కటే ఉంటే నాలుగు ఆకులు అడ్డుపడినా పైన మడుగే. రెండో తూము పెట్టాలి, పిట్టగోడలో పొర్లు రంధ్రం కూడా వదలాలి. కారడం మొదలయ్యేది తరచూ స్లాబు నడుమ కాదు, పిట్టగోడ కలిసే మూలలో. ఎండకు రెండూ ఒకేలా సాగవు, సన్నని పగులు పడుతుంది. అందుకే ఆ మూలను సిమెంటుతో గుండ్రంగా పూడ్చి, అంటే గోలా తీసి, వాటర్‌ప్రూఫింగును గోడ మీదికి 15 సెంటీమీటర్లయినా ఎక్కించాలి. తూములు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూశాకే పైన టైల్స్ వేయాలి. ఈ పద్ధతికి పేరుమోసిన ఆర్కిటెక్టు లె కార్బూజియే పారిస్ దగ్గర కట్టిన విలా సవోయ్‌ అనే ఇల్లు కూడా వానకు కారింది.

అలంకారం తీసేయడం సరైన పనే. కానీ చూరు అలంకారం కాదు, వాననూ ఎండనూ ఆపే పనిముట్టు అది. దాన్ని కూడా తీసేయడమే ఈ పద్ధతి చేసిన పెద్ద పొరపాటు. జర్మనీలోని డెస్సావ్‌లో బౌహౌస్ అనే డిజైన్ బడికి 1926లో కట్టిన భవనంలో వర్క్‌షాపుల అద్దాల గోడ వేసవిలో ఉడికించేది, చలికాలంలో వణికించేది. పడమటి అద్దానికి లోపల పరదా కడితే లాభం తక్కువ, వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. నిలువు రెక్కలు బయటే బిగించాలి.

కిటికీ కింద నల్లటి చారలు పడుతున్నాయా? కిటికీ కింద బయటికి పొడుచుకొచ్చిన బల్ల అడుగున వేలు పెట్టి చూడండి. అంచుకు లోపలగా 10 మిల్లీమీటర్ల గాడి తగలాలి. అది లేకపోతే నీటిబొట్టు అడుగు పట్టుకుని వెనక్కి పాకి గోడ మీద జారుతుంది. ముందు గాడి తీయించి, ఆ తర్వాతే సున్నం వేయించండి.