ఉదయగిరి రాయి, వెంకటగిరి నేత, నెల్లూరు ల్యాబు

మల్టీమీడియా వర్క్‌షాపు పెట్టి, దాంతోపాటే చుట్టుపక్కల ఊళ్ళు చూపించే కార్యక్రమాలు ఈమధ్య చాలా కాలేజీలు నడుపుతున్నాయి. ఎక్కువ చోట్ల వర్క్‌షాపు దారి దానిది, బస్సు దారి దానిది. పొద్దున స్లైడ్లు, సాయంత్రం గుడి, మధ్యలో గ్రూపు ఫొటో. సంక్రాంతి వెళ్ళాక నెల్లూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ పెట్టిన వర్క్‌షాపుకు గుంటూరు నుంచి మేం కొందరు అధ్యాపకులం, పీజీ పిల్లలు కలిసి వెళ్ళాం. అక్కడ కూడా కొంత ఈ వరసే నడిచింది. కానీ ముందురోజు కళ్ళతో చూసింది మర్నాడు ల్యాబులో తెర మీదికి వచ్చిన పూటలు మాత్రం నా ఉద్యోగ జీవితంలోనే మంచి పాఠాలు. ఏ చోటికి ఎంత సమయం ఇవ్వాలో, ఎక్కడ దిగాలో, ఏది వదిలేసినా పర్వాలేదో వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

చేరడం తేలికే. విజయవాడ–చెన్నై మెయిన్ లైన్ మీద ఊరు కాబట్టి రైళ్ళకు కొదవ లేదు. పొద్దున్నే తెనాలిలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నం భోజనాలకు చాలా ముందే నెల్లూరులో దిగుతారు. హైదరాబాద్ వాళ్ళకు రాత్రి బండి సింహపురి ఉంది.

ఉండే చోటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. నిర్వాహకులు హైవే పక్కనున్న గెస్ట్‌హౌస్ ఇచ్చారు. గదులు శుభ్రంగా ఉన్నాయి, దుప్పట్లు ఉతికినవి, పొద్దున ఇడ్లీ, పొంగలి వేడివేడిగా పెట్టారు. కానీ రాత్రి ఎనిమిది దాటితే ఆటో దొరకదు. నెట్ ఎంత మందమంటే రోజంతా తీసిన ఫొటోలు, వీడియోలు రాత్రికి ఎక్కించుకోవడం కుదరలేదు. ఇలాంటి వర్క్‌షాపుకు మంచం ఎంత ముఖ్యమో, మంచం పక్కన ప్లగ్గులు, నెట్టు కూడా అంతే ముఖ్యం. అందుకని మేం నలుగురం ట్రంకు రోడ్డు దగ్గర ఒక హోటల్‌కు మారాం. వాహనాల రొద ఉంది, అయితే జనరేటర్ ఉంది, రాత్రి పదింటికి కూడా కిందికి దిగితే తిండి దొరుకుతుంది. నిద్ర తేలిగ్గా చెడే పెద్దవాళ్ళుంటే మాగుంట లేఅవుట్ వైపు చూసుకోండి, రొద తక్కువ. ఒక్క హెచ్చరిక: మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకోవడానికి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. పండుగ చూడ్డానికే వెళ్తే మంచిదే, గది మాత్రం చాలా ముందే ఖాయం చేసుకోవాలి.

ల్యాబు సంగతి. యంత్రాలు సరిపడా ఉన్నాయి గానీ గ్రాఫిక్స్ కార్డులున్నవి రెండు వరసలే. ఫొటోల నుంచి త్రీడీ రూపం కట్టే మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఎన్‌విడియా కార్డు లేకపోతే పని సగంలోనే ఆగుతుంది. దాంతో వంతులు వేసుకోవాల్సి వచ్చింది. ఈ విషయం ముందే ఉత్తరంలో రాసి ఉంటే గేమింగ్ ల్యాప్‌టాప్‌లున్న మా పిల్లలు వాటిని తెచ్చుకునేవాళ్ళు. చెప్పిన మేడం మాత్రం గొప్ప టీచర్. మొదటి పూటంతా ఫొటోలను కుదించే జేపెగ్ పద్ధతి లోపల ఏం జరుగుతుందో చేత్తో లెక్క వేయించారు: బొమ్మను 8×8 చుక్కల గడులుగా కోయడం, ఒక్కో గడిని కొసైన్ అలల మొత్తంగా రాయడం, కన్ను పెద్దగా పట్టించుకోని సన్నని అలలను వదిలేయడం. 1992 నుంచి ఉన్న పద్ధతే, ఇవాళ్టికీ మన ఫోన్లలో నడుస్తున్నది అదే. ఎప్పుడూ పాఠంగా చెప్పే సంగతే నాకు కొత్తగా తోచింది. ఎందుకు తోచిందో మర్నాడు వెంకటగిరిలో అర్థమైంది.

వెంకటగిరి నెల్లూరికి అరవై కిలోమీటర్ల దూరం. 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, నెల్లూరు వాళ్ళ మాటల్లో ఇంకా వాళ్ళ ఊరే. వెలుగోటి రాజుల కాలం నుంచి సన్నని నూలు చీరలకు పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇక్కడి జాందానీ నేతలో బుటాకు, అంటే చీర మీది పువ్వు బొమ్మకు, దారం విడిగా, చేత్తో, పడుగు (నిలువు) దారాల మధ్యలోంచి ఎక్కిస్తారు. మేం వెళ్ళిన ఇంట్లో గుంత మగ్గం మీద భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. అంచు దగ్గర ఆయన, కొంగులో హంస దగ్గర ఆమె. పిల్లలు ఫోన్లు తీసి ఫొటోలు మొదలెట్టగానే తెర మీద చీరంతా ఊదా, పచ్చ అలలు కనిపించాయి. చీరలో ఆ రంగులు లేవు. ఒక్కో పడుగు దారానికి కెమెరా సెన్సర్ గడులు రెండైనా దక్కనంతగా వరస సన్నబడితే కెమెరా ఆ వరసను సరిగ్గా చదవలేక లేని అలలు పుట్టిస్తుంది. ముందురోజు బోర్డు మీద రాసిన నైక్విస్ట్ హద్దు అదే. ఒక అడుగు దగ్గరికి జరిగినా, కోణం మార్చినా అలలు పోయాయి. మా పీజీ పిల్లలకు ఆ సూత్రం ఇక జన్మలో మరుపురాదు.

ఆ ఇంటావిడ అడిగిన ప్రశ్న అంతకన్నా పెద్దది. "వాట్సాప్‌లో ఫొటో పంపిస్తామమ్మా. కనపడిన రంగు ఒకటి, చేతికొచ్చింది ఒకటి అని చీర తిప్పి పంపిస్తారు. ఏం చెయ్యాల?" అంది. పోను, రాను కొరియర్ ఖర్చు నేసేవాళ్ళదే. కారణాలు కనీసం మూడు ఉన్నాయి. మగ్గం గదిలో ట్యూబులైటు వెలుతురు మొదటిది. వాట్సాప్ బొమ్మను చిన్నది చేసి, గట్టిగా కుదించి పంపడం రెండోది. ఆ కుదింపులో వెలుతురు వివరం ప్రతి చుక్కకూ నిలుస్తుంది, రంగు వివరం మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే మిగులుతుంది, ఇది మూడోది. సన్నని ఎర్ర బుటా అంచు పక్క రంగులోకి పాకేది అందుకే. మేడం అక్కడే చీరను వరండా నీడలోకి తెప్పించి, పక్కన ఒక బూడిద రంగు అట్ట పెట్టి ఫొటో తీయించారు. ఆ అట్టను ఆధారం చేసుకుని రంగు సరిదిద్దడం చూపించారు. పంపేటప్పుడు ఫొటోగా వద్దు, డాక్యుమెంటుగా పంపమన్నారు. ఆ ఇంటి అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, రెండుసార్లు చేసి చూపిస్తే మూడోసారి తనే అమ్మకు నేర్పాడు. మొత్తం కార్యక్రమంలో నాకు బాగా నచ్చిన గంట ఇది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళం ఆ ఇంటికి అక్కరకొచ్చే పని ఒకటి చేసి వచ్చాం.

చీరలు కొనాలనుకుంటే నేసేవాళ్ళ ఇంటిదగ్గరే కొనండి. బస్సు ఆపిన పెద్ద దుకాణంలో పవర్‌లూమ్ చీరలూ కలిసి ఉన్నాయి, అడిగినా తేడా స్పష్టంగా చెప్పలేదు. జాందానీ బుటాను తిరగేసి చూడండి. రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది.

నెల్లూరు ఊళ్ళో తల్పగిరి రంగనాథస్వామి గుడి పెన్న ఒడ్డునే. గాలిగోపురాన్ని దగ్గర నుంచి తీస్తే పైభాగం వెనక్కి వాలినట్టు వస్తుంది. వీధి చివరిదాకా వెనక్కి నడిచి తీయండి. లోపల అద్దాల మండపం ఉంది. ఫొటోలతో త్రీడీ కట్టడం అద్దాల దగ్గర ఎందుకు ఓడిపోతుందో చెప్పడానికి దానికి మించిన ఉదాహరణ లేదు. ఒకే బిందువును వేర్వేరు కోణాల నుంచి గుర్తుపట్టడం మీదే ఆ పద్ధతంతా ఆధారపడింది, అద్దంలో బిందువు మనతోపాటే కదులుతుంది. గర్భగుడి వైపు కెమెరా తీయకూడదు. ఆ నియమం పాటిస్తే పూజారులు కూడా ఆదరంగా మాట్లాడతారు. సాయంత్రం నది వైపు మెట్ల మీద కూర్చోవడానికి బాగుంటుంది. తిక్కన భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన ఊరు ఇది. దానికి తగినట్టు ఒక్క పూటైనా తెలుగు అక్షరాలకు ఇచ్చి ఉండాల్సింది. వీడియోకు తెలుగు సబ్‌టైటిళ్ళు పెడితే కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 గడులున్నా, వాటిని కలిపి గీసే పని సాఫ్ట్‌వేర్ సరిగ్గా చేయాలి. పిల్లలకు రోజూ ఎదురయ్యే ఈ చిక్కుకు వర్క్‌షాపులో పావుగంటే దక్కింది. నాకిది పెద్ద లోటు.

ఇక ఉదయగిరి. నెల్లూరు నుంచి ఇంచుమించు వంద కిలోమీటర్లు, సంగం, ఆత్మకూరు మీదుగా. టూరు బస్సు బయల్దేరడమే ఆలస్యం, ఎండెక్కాక చేర్చి "గంట చాలు సార్" అన్నారు. ఆ కొండకు గంట ఏ మూలకు? వెయ్యడుగుల కొండలు కావవి, ఎత్తైన శిఖరం మూడు వేల అడుగుల పైమాటే. మెట్లు చాలాచోట్ల విరిగి, ముళ్ళపొదలు కమ్ముకున్నాయి. పైన నీళ్ళు దొరకవు, దుకాణం లేదు. మేం కొందరం బస్సును పొమ్మని అక్కడే ఆగిపోయాం, సాయంత్రం ఆర్టీసీ బస్సులో తిరిగి వచ్చాం. ఆర్టీసీ బస్సు చెప్పిన వేళకు కదిలింది, సీట్లు దొరికాయి.

ఒరిస్సా గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, ఏడాదిన్నర కాచుకుని, 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి, దానికోసమే గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఇప్పుడా విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. స్వామి బయల్దేరిన ఊరు ఒకచోట, కట్టిన గుడి రెండోచోట, స్వామి మూడోచోట. ఈ మూడింటినీ ఒక్క తెర మీద కలిపి పిల్లలకు చూపించగలిగితే మల్టీమీడియా చదువుకు అంతకన్నా సార్థకత ఏముంది? మా బృందం మొదటి ముక్కగా ఒక పాత మండపంలో చెక్కిన స్తంభాన్ని తీసుకుంది. ఒక్కో ఫొటో ముందుదానితో మూడింట రెండు వంతులు కలిసేలా చుట్టూ తిరుగుతూ, కింద నుంచి ఒకసారి, నడుం ఎత్తులో ఒకసారి, చేతులు పైకెత్తి ఒకసారి తీశాం. మిట్టమధ్యాహ్నపు నీడలు రాతి మీద నల్లగా పడి రూపాన్ని చెడగొట్టాయి. కాసేపు మబ్బు పట్టాక తీసినవే పనికొచ్చాయి. ల్యాబులో రాత్రంతా యంత్రం నడిచి, పొద్దున ఆ స్తంభం తెర మీద తిరుగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. రక్షిత కట్టడాల్లో కెమెరా స్టాండు పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి, అది నిర్వాహకులు ముందే తెచ్చుకోవాల్సిన కాగితం.

నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. అరిగిన అక్షరాలను చదవడానికి కెమెరా కదల్చకుండా టార్చిలైటును మాత్రం చుట్టూ ఏటవాలుగా తిప్పుతూ ఫొటోలు తీసి కలిపే పద్ధతి ఉంది. తెల్లకాగితం మీద నాణెం పెట్టి ల్యాబులో చూపించారు. ఆ పని ఒక శాసనం ముందు చేయించి ఉంటే ఎంత బాగుండేది!

ఉదయగిరి ఊళ్ళోనే చెక్క గరిటెలు చేస్తారు. నర్ది, బిక్కి లాంటి చుట్టుపక్కల అడవి చెక్కలతో చెంచాలు, ఫోర్కులు, గిన్నెలు. ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తారు, దీనికీ భౌగోళిక గుర్తింపు ఉంది. పిడి మీద పువ్వు చెక్కుతున్న ఒకామె చేతుల్ని మావాళ్ళు దగ్గరగా వీడియో తీశారు. ఉలి చప్పుడు కోసం మైకును కొంచెం దూరంగా, బల్లకు తగలకుండా పెట్టమని ఆమే సూచించింది. సరిగ్గా చెప్పింది. ధరలు నెల్లూరు దుకాణాల కన్నా ఇక్కడ బాగా తక్కువ.

నేలపట్టు పక్షుల కేంద్రానికి అక్టోబరు నుంచి మార్చి దాకా వెళ్ళాలి. చెట్ల మీద గూడబాతులు గుంపులుగా గూళ్ళు కట్టుకుని ఉంటాయి. సూర్యుడు పొడిచేసరికి అక్కడుంటే వాటి గోల బ్రహ్మాండంగా రికార్డవుతుంది. ధ్వనిని కుదించేసే ఎంపీత్రీలో కాకుండా, కుదించని వేవ్‌లోనే తీసుకోండి. గాలి ఎక్కువ, మైకుకు బొచ్చు తొడుగు తప్పనిసరి. మా బస్సు తొమ్మిదింటికి చేర్చింది. అయినా సంతోషమే, కానీ సొంత కారులో పోయినవాళ్ళు తెచ్చిన రికార్డింగు వింటే తేడా తెలిసింది. మైపాడు బీచికి గంట చాలు. సమయం తక్కువైతే దాన్ని వదిలేసి పల్లిపాడు వెళ్ళండి. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం పెన్న ఒడ్డున ప్రశాంతంగా ఉంది. టూరు పట్టికలో లేదు, మేం ఆటో మాట్లాడుకుని పోయాం.

తిండి విషయంలో నెల్లూరుకు వంక పెట్టలేం. పొద్దున నెయ్యి కారం దోసె, మధ్యాహ్నం మెస్సులో భోజనం. చేపల పులుసు మామిడికాయ వేసినదైతే అడిగి మరీ తినండి, ముందురోజు చేసింది ఉంటే ఇంకా మంచిది. వర్క్‌షాపు క్యాంటీన్ భోజనం చప్పగా ఉంది గానీ వేళకు పెట్టారు. ఇంటికి మలై కాజా కట్టించుకోండి.

రుసుములో బస్సు ఖర్చు కలిపే ఉంది. నిర్వాహకులను అడిగితే బస్సు లేకుండా వర్క్‌షాపు ఒక్కటే తీసుకోవచ్చన్నారు. నలుగురైదుగురు కలిస్తే అదే మేలు. కారు మాట్లాడుకుని వెంకటగిరి, నేలపట్టు ఒక రోజు, ఉదయగిరి ఒక్కటే ఇంకో రోజు పెట్టుకోండి. ఉదయగిరికి తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరాలి. భైరవకోన గుహాలయాలు కూడా అటువైపే, నెల్లూరు జిల్లా సరిహద్దు దాటితే వస్తాయి. రాతిని తొలిచిన ఎనిమిది గుళ్ళు, పక్కనే జలపాతం. కానీ వాటిని ఉదయగిరి రోజుకే కలిపితే రెండూ దక్కవు, వేరే పూట కేటాయించుకోండి.